చౌడమ్మవ్వ ఎంచిన సబ్‌వూఫర్

మొన్న చందాపుర కూడలిలో ఒక టీ కొట్టు ముందు, రేకు బల్ల మీద మోచేతులు ఆనించి నిలబడ్డాను. పక్కనే ఒక సరకుల లారీ ఆగి ఉంది. డ్రైవరు ఇంజను ఆపకుండానే కిందికి దిగి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు. రోడ్డు మీది హారన్ల మధ్య ఆ ఇంజను చప్పుడు చెవికి ఆనలేదు. కానీ బల్ల రేకులోంచి మోచేతుల్లోకి, అక్కణ్ణుంచి భుజాల దాకా సన్నగా ఒక వణుకు పాకింది. నాకు తెలియకుండానే నా కుడి అరచెయ్యి బల్ల మీద పరుచుకుంది. టీ తెచ్చిన మనిషి గ్లాసు ఎక్కడ పెట్టాలో తోచక ఆ చేతినే చూస్తూ ఆగాడు. చెయ్యి తీశాను. టీ తాగుతున్నంతసేపూ చౌడమ్మవ్వే మనసులో ఉంది. ఆవిడ పోయి రెండేళ్ళు దాటింది. ఆవిడను గురించి రాయాలని చాలాసార్లు అనుకొని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మానేశాను. ఆ వణుకు దగ్గరే మొదలుపెట్టాలని మొన్న తెలిసింది.

నేను ఖమ్మం నుంచి ఉద్యోగానికని బెంగళూరు వచ్చినదాన్ని. అప్పట్లో హోసూరు రోడ్డు మీద ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని. శని, ఆదివారాలు మాత్రం నావి. ఆ రెండు రోజులూ గదిలో కూర్చొని కంప్యూటరు మీద సంగీతం కట్టేదాన్ని. పాట కాదు, మాటలు ఉండవు. కింది స్వరాల బరువు మీద నడిచే ఎలక్ట్రానిక్ సంగీతం అది. గుండె మీద ఎవరో మెత్తటి గుద్దు గుద్దినట్టు దరువు, దాని కింద నేల కదిలినట్టు బేస్. మా అమ్మకు ఒకసారి వినిపిస్తే, "పక్కింట్లో పెళ్ళి జరుగుతుంటే గోడ ఇవతల నుంచి విన్నట్టుందే" అంది. ఆ మాటలో ఎంత నిజముందో నాకు అప్పుడు తెలియదు.

బొమ్మనహళ్ళిలో, గార్మెంట్ యూనిట్ల వెనక సందులో, చౌడమ్మవ్వ వాళ్ళ ఇంటి మేడ మీది భాగం నాకు అద్దెకు దొరికింది. వాళ్ళు మూడు తరాలుగా బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్ళు, నేతవాళ్ళు. కబ్బన్‌పేటలో నాలుగు మర మగ్గాలు నడిపి, పట్టు చీరలు నేసి, చివరికి మగ్గాలు అమ్మి ఈ ఇల్లు కట్టుకున్నారు. ఇంటికి వచ్చిన రెండేళ్ళకే ఆవిడ భర్త నంజుండప్పకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది, కుడి పక్క పడిపోయింది. కింద వెనక గదిలో ఇనప మంచం మీద ఆయన ఉండేవాడు. నేను చేరిన కొత్తలో ఆవిణ్ణి ఆంటీ అని పిలిచాను. "ఆంటీ అంటే నాకు వినపడదు. అవ్వా అను, అది నోరు తెరిచి అనాల, నాకు కనపడతాది" అంది. ఆవిడకు చెవులు సరిగా వినపడవని నాకు అలా తెలిసింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే సగం వినీ, సగం పెదవులు చూసీ అర్థం చేసుకునేది.

నా దగ్గర అయిదంగుళాల స్టూడియో మానిటర్లు రెండు ఉండేవి. స్టూడియో మానిటర్లు అంటే పాటను అందంగా వినిపించేవి కావు, ఉన్నది ఉన్నట్టు చెప్పేవి. కానీ అంత చిన్న మానిటర్లు అడుగు స్వరాల దాకా దిగలేవు. తమకు అందనిదాన్ని అవి ఎలా చెబుతాయి? వినపడటం లేదు కదా అని నేను బేస్ పెంచుకుంటూ పోయేదాన్ని. ఒక ఆదివారం మధ్యాహ్నం తెలిసినవాళ్ళు చిన్న సభ పెట్టుకొని, అక్కడి పెద్ద స్పీకర్లలో నేను కట్టినది వేశారు. ఆ బేస్ కింద మిగతాదంతా మునిగిపోయింది. నెల రోజులు కూర్చొని అల్లిన రాగం ఒక్క ముక్క వినపడలేదు. జనం మర్యాదకు చప్పట్లు కొట్టారు. తిరిగి వస్తూ ఆటోలో నిశ్చయించుకున్నాను, మానిటర్లకు తోడుగా ఒక సబ్‌వూఫర్ కావాలి అని. మానిటర్లు అందుకోలేని అడుగు స్వరాలను మోసే పెట్టె అది. మా ఆఫీసులో ఒకాయన దగ్గర పన్నెండంగుళాలది ఉంది. "తీసుకెళ్ళి వాడి చూడు. నచ్చితే నువ్వే ఉంచుకో, లేకపోతే తెచ్చిచ్చెయ్" అన్నాడు. ఇద్దరు మనుషులు పట్టి మేడ ఎక్కించాల్సి వచ్చింది. గదిలో మూలకు నెట్టి పెట్టాను. మూలలో పెడితే బేస్ ఇంకా పెరుగుతుందని ఎక్కడో చదివాను.

శనివారం పొద్దున పదకొండింటికి మొదటిసారి వేశాను. కిటికీ అద్దాలు మోగాయి. నాకు ఒళ్ళంతా పులకరించింది. పది నిమిషాలు గడిచాయో లేదో, తలుపు దగ్గర చౌడమ్మవ్వ నిలబడి ఉంది. గభాలున ఆపేశాను.

"సారీ అవ్వా, సౌండ్ ఎక్కువైపోయింది. ఇకమీద తక్కువ పెడతాను."

"ఏంటికి నిలిపేస్తివి? ఇంకోసారి పెట్టు."

వేశాను. ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకొని నేల మీద కూర్చుంది. అరచెయ్యి నేలకు ఆనించింది. కళ్ళు మూసుకోలేదు, తల ఊపలేదు. నూలు నాణ్యం చూసే మనిషిలా మొహం పెట్టుకొని చాలాసేపు అలాగే ఉంది. తరువాత చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది.

"దెబ్బ పడతా ఉండాది. పడినాక పోవడంలే. ఆడనే నిలబడి ఉండాది. దాని మీద ఇంకో దెబ్బ వచ్చి పడతాది. మగ్గం ఇట్ల కొడితే నేను నిలిపేసి మిస్త్రీని పిలుస్తాను."

నవ్వుకున్నాను. ముసలావిడ, చెవులు వినపడని మనిషి, మగ్గానికీ దీనికీ ముడిపెడుతోంది అనుకున్నాను. ఆవిడ దిగి వెళ్ళిపోయాక మళ్ళీ వేసి, ఈసారి పులకరింత పక్కన పెట్టి విన్నాను. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఒక్కో దెబ్బ పడ్డాక ఆ మూల, ఆ పెట్టె దాన్ని వదలకుండా పట్టుకొని మోగుతున్నాయి. బరువనుకొని నేను మురిసిపోయినది బరువు కాదు, వదలకపోవడం. చదివిన వ్యాసాలు, చూసిన వీడియోలు ఎన్నో ఉన్నాయి. ఆ మాట మాత్రం నాకు ఎవరూ అంత సులువుగా చెప్పలేదు.

అప్పటినుంచి శనివారాలు ఆవిడ పైకి రావడం అలవాటైంది. వచ్చేటప్పుడు కొంగు చాటున ఏదో ఒకటి తెచ్చేది, ఉప్పిట్టు అని వాళ్ళనే అనపకాయల ఉప్మానో, నాలుగు చిరుతిళ్ళో. నేల మీద కూర్చొని తన సంగతులు చెప్పేది. పదిహేనో ఏట పెళ్ళయి మగ్గాల ఇంటికి వచ్చింది. రోజంతా నాలుగు మగ్గాల మధ్య నిలబడి తెగిన పోగులు అతకడం ఆవిడ పని. చెవులకు దూది పెట్టుకోమని కూడా ఎవరూ చెప్పలేదు. మొదట పక్షుల కూతలు పోయాయట. తరువాత గాజుల చప్పుడు. తరువాత ఆడవాళ్ళ మాటలు. "మొగవాళ్ళ మాటలు మాత్రం చానా దినాలు వినపడినాయి. వాటితో నాకేం పని ఉండాది చెప్పు" అని నవ్వింది. ఆ నవ్వు వెంటనే పోయింది. కూతురు జయకు బిడ్డ పుట్టినప్పుడు, పొత్తిళ్ళలో పెట్టుకొని కూర్చుందట. బిడ్డ ఏడుస్తున్నా తెలియక, మొహం చూసి ఆవలిస్తోందనుకుందట. కూతురు లోపలి నుంచి పరుగున వచ్చి బిడ్డను లాక్కుంది. "అది తప్పుగా లాక్కోలేదు. తల్లి కదా. కానీ ఆ పొద్దు నా చేతులు ఖాళీ అయినాయి చూడు, అది మరిచేదానికి కాదు."

అలా చెప్పి నా కంప్యూటరు పక్కనున్న వాల్యూమ్ బొత్తాం వైపు చూపించింది. "దీన్ని తగ్గించి పెట్టుకో. పోగు తెగితే అతకొచ్చు. చెవి తెగితే అతికేవాళ్ళు లేరు." ఆ రోజు ఆ బొత్తాం ఎక్కడికి తిప్పానో అక్కడ తెల్ల పెన్సిలుతో ఒక గీత గీశాను. మధ్యలో ఒక మూడు రోజులు దాటినా, తరువాత దాటలేదు.

ఆ మూడు రోజుల గురించే చెప్పాలి.

నంజుండప్ప మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నిద్రపోతాడని, ఆ రెండు గంటలు పెట్టె వెయ్యవద్దని ఆవిడ మొదట్లోనే అడిగింది. సరేనన్నాను. కొన్ని నెలలు మాట తప్పలేదు. అప్పుడు ఒక నృత్య బృందం వాళ్ళు తమ ప్రదర్శనకు సంగీతం కట్టమన్నారు. అది నాకు మొదటి అవకాశం. సోమవారానికల్లా ఇవ్వాలి. గురు, శుక్రవారాలు సెలవు పెట్టాను. గురువారం మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే చౌడమ్మవ్వ వీధి గుమ్మం దగ్గర పీట మీద కూర్చొని పప్పులు ఏరుకుంటోంది. ఆవిడకు ఎలాగూ వినపడదు, ఆయన నిద్రపోయే ఉంటాడు, ఒక్క రోజుకేమిలే అనుకున్నాను. గీత దాటించి వేశాను. శుక్ర, శనివారాలూ అంతే. శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఆవిడ పైకి వచ్చింది. ఈసారి కొంగు చాటున ఏమీ లేదు.

"కిందికి రా" అంది.

ఆపబోయాను. "ఆపొద్దు. అది అట్లే ఉండనీ" అంది.

అంతవరకూ నేను ఆ వెనక గదిలోకి ఎప్పుడూ వెళ్ళలేదు. గుమ్మంలో నిలబడి పలకరించి వచ్చేదాన్ని. ఆవిడ నన్ను నంజుండప్ప మంచం అంచున కూర్చోబెట్టింది. నా చెయ్యి తీసుకొని మంచం ఇనప పట్టె మీద పెట్టింది. తనూ పక్కన నిలబడింది. అప్పుడు నేను కట్టిన సంగీతం మొదటిసారిగా కింది నుంచి విన్నాను. నేను వారాల తరబడి అల్లిన రాగం అక్కడ లేదు. తాళపు నగిషీలు లేవు. మానిటర్లలో వినపడేదేదీ ఆ పైకప్పు దాటి రాలేదు. సబ్‌వూఫర్ దెబ్బ ఒక్కటే దిగి వస్తోంది. సరిగ్గా ఆ మంచానికి పైనే, మేడ మూలలో నేను ఆ పెట్టెను పెట్టాను. ప్రతి దెబ్బకూ మంచం పట్టె నా చేతి కింద జల్లుమంటోంది. గూట్లో మందు సీసాలు ఒకదానికొకటి తగులుతున్నాయి.

నంజుండప్ప నిద్రపోవడం లేదు. పైకప్పు వైపు చూస్తున్నాడు. నా వంక చూడలేదు. కాసేపటికి నేను ఒక సంగతి గమనించాను. దెబ్బ పడిన తరువాత కాదు, పడటానికి సరిగ్గా ముందు ఆయన కళ్ళు మూసుకుంటున్నాడు. నలభై ఏళ్ళు మగ్గం దెబ్బల మధ్య బతికిన మనిషి. లయ ఆయనకు తెలిసిపోయింది. వచ్చేది తెలుసు, తప్పించుకోలేడు, వద్దని చెప్పలేడు. ఒక్కో దెబ్బకు ముందు కళ్ళు మూసుకొని కాచుకుంటున్నాడు. మూడు రోజులుగా, మధ్యాహ్నం నిద్రపోయే వేళ.

నేను లేచి పరుగెత్తి మేడ మీదికి వెళ్ళి ఆపేశాను. అక్కడే కూర్చుండిపోయాను. చాలాసేపటికి ధైర్యం చేసి కిందికి వస్తే, ఆవిడ ఆయనకు గ్లాసుతో మజ్జిగ పడుతోంది.

"మూడు దినాలుగా సరిగ్గా తినలేదు. ఏంటికో నాకు తెలియలేదు. ముందర కూర్చుంటా ఉంటిని కదా, ఆడికి రాదు ఇది. ఈ పొద్దు కాళ్ళు పిసికేదానికని మంచం మీద కూర్చుంటే తెలిసింది."

"తప్పయిపోయింది అవ్వా. నేను ఇల్లు ఖాళీ చేస్తాను. ఈ నెలలోనే వెళ్ళిపోతాను."

ఆవిడ గ్లాసు కింద పెట్టి, ఆయన మూతి తుడిచి, అప్పుడు నా వైపు తిరిగింది. కోపం లేదు. అది ఉంటే నాకు సులువుగా ఉండేది.

"నిన్ను తిట్టేదానికి పిలవలేదమ్మా. పైన కూర్చుంటే ఇది తెలిసేదానికి కాదు. అందుకని కూర్చోపెట్టినాను. ఈ ఇల్లు విడిస్తే ఇంకో ఇంట్లో పెడతావు. ఆడ కూడా కింద ఎవరో ఒకరు ఉంటారు కదా."

నేను ఖాళీ గ్లాసు తీసుకెళ్ళి కడిగి పెట్టాను.

సోమవారం నృత్య బృందానికి ఇవ్వాల్సినది హెడ్‌ఫోన్లతోనే పూర్తి చేసి ఇచ్చాను. పన్నెండంగుళాల పెట్టెను మా ఆఫీసాయనకు తిరిగి అప్పగించాను. ఇక సబ్‌వూఫరే వద్దనుకున్నాను. ఆ మాట చెబితే చౌడమ్మవ్వ ఒప్పుకోలేదు. "మగ్గం బాగలేదని నేత మానేస్తారా? సరైనది తెచ్చుకో. నేనూ వస్తాను." ఒక ఆదివారం పొద్దున కూతురు జయను యలహంక నుంచి పిలిపించి, ఆయన దగ్గర కూర్చోబెట్టి, నాతో బయలుదేరింది. ఏళ్ళ తరువాత పాత పేటకు వెళ్తున్నానని ఉతికిన పట్టంచు చీర కట్టుకుంది. బళేపేట దాటి, సందుల్లో ఉన్న ఒక ధ్వని సామాన్ల దుకాణానికి వెళ్ళాం. దుకాణదారు కూడా పాత తెలుగువాడే. మూడు పెట్టెలు చూపించాడు. రెండింటికి ముందు గాలి పోయే రంధ్రాలు ఉన్నాయి, అవి పెద్దవి. మూడోది ఎనిమిదంగుళాలది, అన్ని పక్కలా మూసేసి ఉంది. రంధ్రం ఉన్నవి ఇంకా కిందికి దిగుతాయని, ఇంకా గట్టిగా మోగుతాయని, నాలాంటి సంగీతం కట్టేవాళ్ళందరూ అవే తీసుకుంటారని చెప్పాడు. ఆయన చెప్పిందీ అబద్ధం కాదు.

అవ్వ చెప్పులు విడిచి, ఆ దుకాణం చెక్క అరుగు ఎక్కి నిలబడింది. "ఒకటి మారి ఒకటి పెట్టప్పా" అంది.

"ఏమవ్వా, కాళ్ళతో వింటావా?"

"చెవులతో వినేవాళ్ళు నీ కాడికి దినమూ వస్తారు కదా. వాళ్ళు విన్నది చాల్లే."

ఆయన నవ్వుతూనే వేశాడు. నేను తెచ్చిన ఒకే ముక్క, మూడు పెట్టెల మీద, మూడేసి సార్లు. మొదటి రెండూ నా ఛాతీని నింపేశాయి. మూడోది అంత నింపలేదు. నాకు లోపల కొంచెం దిగులేసింది. అవ్వ మూడోదాని దగ్గర ఆగిపోయింది. "ఇది కొట్టి వదిలేస్తాది. అవి పట్టుకొని ఉంటాయి. వదిలితేనే కదా ఇంకొకటి పడేదానికి జాగా ఉండేది." దుకాణదారు నవ్వు ఆపి, ఈసారి తనే చెప్పులు విడిచి అరుగెక్కాడు. ఆ ఎనిమిదంగుళాలదాన్ని మూట కట్టించాడు. అన్నిటికంటే అడుగున ఉండే స్వరాలు కొన్ని అది పలకదు. ఆ లోటు నాకు ఇప్పటికీ తెలుసు. కానీ పలికినవి నిజం పలుకుతుంది. ఆ సంగీతానికి కావలసింది ఎక్కువ బేస్ కాదు, నమ్మదగిన బేస్ అని ఆ అరుగు మీద తెలుసుకున్నాను.

ఇంటికి తెచ్చాక దాన్ని ఎక్కడ పెట్టాలన్నది ఇంకో వారం పని. మూల వద్దనుకున్నాం. పాత మగ్గాల కాళ్ళ కింద వేసే మందపాటి రబ్బరు ముక్కలు అటక మీద ఉంటే అవ్వ దించి ఇచ్చింది. వాటి మీద ఒక గ్రానైటు పలక, పలక మీద పెట్టె. నేను మేడ మీద పెట్టెను జానెడు జానెడు జరుపుతుంటే, ఆవిడ కింద మంచం పట్టె పట్టుకొని కూర్చునేది. పిలిస్తే వినపడదు కాబట్టి ఒక ఏర్పాటు చేసుకున్నాం. బాగుంటే మెట్ల ఇనప కమ్మీ మీద గరిటెతో ఒక దెబ్బ, బాగలేకపోతే రెండు. మొదటి రోజంతా రెండేసి దెబ్బలే. చివరికి కిటికీ కింద, ఎడమ మానిటరుకు కాస్త ముందుగా పెట్టినప్పుడు ఒక్క దెబ్బ వినపడింది. తరువాత మానిటర్లు ఏ స్వరం దగ్గర వదిలిపెట్టాలో, సబ్‌వూఫర్ ఎక్కడ అందుకోవాలో చూసుకోవాలి. ఆ కలిసేచోటు వినేవాళ్ళకు తెలియకూడదు. ఆవిడకు వివరించబోతే, "తెలుసు లే. పాత పడుగు అయిపోయే ముందు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే అతుకుతాము. చీర మీద ఆ ముడి కనపడితే ఎవరూ కొనరు" అంది. ఆ పనికి నాకు నాలుగు శనివారాలు పట్టింది. పెట్టె ఆపితే ఏదో పోయినట్టుండాలి, పెట్టినప్పుడు అది ఉన్నట్టే తెలియకూడదు. అంతవరకూ తగ్గించాను.

అన్నిటికంటే ముఖ్యమైన మార్పు మరొకటి. శనివారం పొద్దున నేను ముందు కిందికి వెళ్ళేదాన్ని. అవ్వ నంజుండప్ప మొహం మీదికి వంగి, "అనితమ్మ పెట్టేదా?" అని నా పేరు చెప్పి అడిగేది. ఆయన ఎడమచేతి చూపుడు వేలు ఎత్తితే పెట్టవచ్చు. ఎత్తకపోతే ఆ రోజుకు లేదు. ఎత్తని శనివారాలు నేను హెడ్‌ఫోన్లు పెట్టుకొనేదాన్ని. మొదటి నెల ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు. అది న్యాయమే. అయిదో వారమో ఆరో వారమో వేలు కదిలింది. పైకి వచ్చి చాలా తక్కువగా పెట్టి, పది నిమిషాలకే ఆపేసి, కిందికి వచ్చి చూశాను. నిద్రపోతున్నాడు. అవ్వ నన్ను చూసి, మాట్లాడవద్దని సైగ చేసింది. ఆ తరువాత రెండేళ్ళలో నేను కట్టినదంతా ఆ వేలి అనుమతితోనే కట్టాను. నా సంగీతంలో ఖాళీలు పెరిగాయి. వినేవాళ్ళు మార్పును గమనించి ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగేవారు. చెబితే హాస్యమనుకునేవారు.

ఒక వానాకాలం పొద్దున నంజుండప్ప పోయాడు. జయ, వాళ్ళ వాళ్ళు అందరూ వచ్చారు. నేను టీలు కాచి ఇవ్వడం తప్ప చేసిందేమీ లేదు. కర్మలన్నీ అయ్యాయి. వచ్చినవాళ్ళు వెళ్ళారు. నేను మానిటర్ల మీద గుడ్డ కప్పేసి ఉంచాను. నెల దాటాక ఒక శనివారం అవ్వ మెట్లెక్కి వచ్చింది. గుడ్డ కప్పిన మానిటర్లను చూసి నేల మీద కూర్చుంది.

"ఏంటికి కిందికి రావడంలే?" అంది.

"అడగడానికి ఇంక..." అని ఆగిపోయాను.

"ఆయప్ప లేడు. నేను ఉండాను కదా. నన్ను అడుగు."

అడిగాను. ఆవిడ తన చూపుడు వేలు ఎత్తలేదు, అది ఆయనది. తల మాత్రం ఊపింది. గుడ్డ తీసి, ఆయన ఉండగా కట్టినదే ఒకటి వేశాను. ఆవిడ నేల మీద చెయ్యి ఆనించి చివరిదాకా విన్నది. ఆవిడ ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు, ఆ రోజూ చూడలేదు. లేస్తూ, "కాళ్ళు తిమ్మిరెక్కినాయి, చెయ్యి ఇయ్యి" అంది. లేచి నిలబడ్డాక కూడా ఆ చెయ్యి చాలాసేపు వదలలేదు.

ఏడాది తిరిగేలోపు జయ ఆవిణ్ణి యలహంకకు తీసుకెళ్ళిపోయింది. ఇల్లు అమ్మేశారు. నేనూ వేరే చోటికి మారాను. ఉద్యోగం మానేసి, ఇళ్ళలో చిన్న స్టూడియోలు పెట్టుకునేవాళ్ళకు మానిటర్లు, సబ్‌వూఫర్లు ఎంచి, గదిలో సరిగా కూర్చోబెట్టే పనే వృత్తిగా చేసుకున్నాను. రెండు నెలలకోసారి యలహంక వెళ్ళేదాన్ని. చివరికి ఆవిడకు పూర్తిగా వినపడకుండా పోయింది. ఆఖరిసారి వెళ్ళినప్పుడు గుమ్మానికి వీపు పెట్టి నేల మీద కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేను గుమ్మం దాటి నాలుగడుగులు వేశానో లేదో, తిరిగి చూడకుండానే "అనితమ్మా, ఊటం చేసినావా?" అంది. జయ ఆశ్చర్యపోయి నా వంక చూసింది. నేను ఆ రోజు భోజనం చేసే వెళ్ళాను, అయినా మళ్ళీ తిన్నాను. తరువాత కొన్ని వారాలకే జయ ఫోను చేసింది. పొద్దున కాఫీ తాగి, పడుకుంటానని చెప్పి పడుకుందట. అంతే.

ఆవిడ నాకు బేస్ వినడం నేర్పిందని అందరికీ చెబుతుంటాను. అది నిజమే కానీ అసలు సంగతి అది కాదు. నేను చేసేది నా గదిలో ఆగిపోదని, అందులో అందమైనదంతా నా దగ్గరే ఉండిపోయి, బరువు మాత్రమే ఇంకొకరి మీదికి దిగుతుందని, ఆ మనిషి వద్దని చెప్పలేని మనిషి కావచ్చునని ఆ మంచం మీద కూర్చోబెట్టి నేర్పింది. అది సంగీతానికి మాత్రమే పనికొచ్చే పాఠం కాదు. నేను కోపంగా మాట్లాడబోయిన చాలా సందర్భాల్లో అది నా నోటికి అడ్డం పడింది. పడని సందర్భాలూ ఉన్నాయి. వాటికి నేను సిగ్గుపడతాను.

ఈ మధ్య ఒక బ్యాంకు ఉద్యోగి, నలభై దాటిన మనిషి, పని మీద పిలిచాడు. అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తు. కొత్తగా ఎలక్ట్రానిక్ సంగీతం కట్టడం మొదలుపెట్టాడట. చక్కటి మానిటర్లు కొన్నాడు. వాటికి జతగా పదిహేనంగుళాల సబ్‌వూఫర్ బొమ్మ ఫోనులో చూపించి, "ఇది సరిపోతుందా మేడమ్, ఇంకా పెద్దది కావాలా?" అని అడిగాడు. గది కొలతలు తీసుకున్నాను. గోడలు తట్టి చూశాను. తరువాత, "మీ కింద ఎవరుంటారు?" అన్నాను. ఆయనకు తెలియదు. ఆరేళ్ళుగా ఉంటున్నాడు, లిఫ్టులో ఎప్పుడైనా చూసి ఉంటానేమో అన్నాడు.

"ముందు అది తెలుసుకుందాం. పెట్టె సంగతి తరువాత చెబుతాను" అన్నాను.

ఆయన కాస్త ఇబ్బందిగా నవ్వి, నేను హాస్యమాడటం లేదని అర్థమై, చొక్కా మార్చుకొని వచ్చాడు. ఇద్దరం మెట్లు దిగి, మూడో అంతస్తులో తలుపు ముందు నిలబడ్డాం. ఆయన బెల్ నొక్కాడు. లోపల ఎవరో నెమ్మదిగా, కాళ్ళు ఈడ్చుకుంటూ తలుపు వైపు వస్తున్నారు. వాళ్ళు వచ్చేదాకా ఆగాం.